ట్యాంకు మలుపు

నీళ్ళ పైపు భుజాన వేసుకుని సదానందం వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఎర్రమొరం పరిచిన పరుగుబాటను తడపాలంటే అలాగే నడవాలి. ముందుకు నడిస్తే తడిసిన నేల మీద మన అడుగులే పడి గుంటలవుతాయి. పైపు మూతికి బొటనవేలు అడ్డంపెట్టి నొక్కితే నీళ్ళు జల్లెడ పట్టినట్టు పడతాయి. ఏళ్ళ తరబడి ఆ నొక్కుడుకే ఆ వేలి గోరు ఊడిపోయి, మళ్ళీ వంకరగా మొలిచింది. మనిషి సన్నం. మెడ వెనక ముడతల్లో బొగ్గు నలుపు, ఎంత తోమినా పోనిది. పైపు మోసి మోసి కుడిభుజం ఎడమదానికన్నా కిందికి జారిపోయింది. వీపు మీద కాంట్రాక్టరు పేరు అచ్చేసిన చొక్కా, కాళ్ళకు రబ్బరు చెప్పులు, తలకు రుమాలు.

ఇంకా సరిగా తెల్లవారలేదు. అయినా క్రీడా సంకుల్ అనే ఆటల మైదానం గేటు బయట ఆడపిల్లల వరస రోడ్డు మలుపు దాకా సాగింది. ఈరోజు పోలీసు ఉద్యోగాల భర్తీ, పరుగు పరీక్ష. ఈ చంద్రపూర్‌లో భర్తీ అంటే జాతరే. రాజురా నుంచి, భద్రావతి నుంచి, ఎక్కడెక్కడి నుంచో పిల్లలు రాత్రే వచ్చి బస్టాండులో పడుకుంటారు. ఆ వరసలో ఎక్కడో అతని బిడ్డ కూడా ఉంది. సదానందం అటు తల తిప్పలేదు. తిప్పకూడదు.

సంగతేమిటంటే, నిన్న సాయంత్రం సూపర్వైజరు వినాయక్ పనివాళ్ళందరినీ పిలిచి మరాఠీలో చెప్పాడు. కుర్రవాడే గాని మర్యాద తెలిసినవాడు. "రేపటి పరీక్షలో ఎవరి పిల్లలైనా, చుట్టాలైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. వాళ్ళకు రేపు సెలవు. దాచిపెట్టి గ్రౌండులో ఉన్నట్టు తర్వాత తెలిస్తే ఆ అమ్మాయినే తీసేస్తారు. అప్పుడు నన్నడిగి లాభం లేదు" అన్నాడు. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సదానందం తన చెప్పుల వైపు చూసుకున్నాడు. కాంట్రాక్టు చేతులు మారినప్పుడు పాతవాళ్ళంతా పోయి అతనొక్కడే మిగిలాడు. ఇప్పుడున్న వాళ్ళెవరికీ అతనికో కూతురుందని తెలియదు. ఆ మాటకొస్తే అతని పేరు కూడా తెలియదు. తెలుగువాడు కాబట్టి అందరికీ 'అన్న'. వినాయక్‌కూ అన్నే, పొద్దున నడకకు వచ్చే పెద్దమనుషులకూ అన్నే.

సెలవు తీసుకుని ఇంట్లో కూర్చోవచ్చు కదా అంటారు. భార్య సత్తమ్మ కూడా అదే అంది. కాని ట్యాంకు మలుపు సంగతి సత్తమ్మకేం తెలుసు?

పరుగుబాటకు ఉత్తరం మూల, నీళ్ళ ట్యాంకు స్తంభాల పక్కన ఒక వంపు ఉంది. అక్కడ మొరం కింద ఉన్నది నల్లరేగడి. ఎండాకాలం అది నెర్రెలు విచ్చి, పైనున్న మొరం పిండి అయిపోతుంది. ఒక జట్టు పరుగెత్తి వెళ్ళిందంటే చాలు, బూట్ల కింద నలిగి నలిగి సున్నిపిండిలా జారుతుంది. ప్రతి జట్టుకూ మధ్య కాసిన్ని నీళ్ళు కొట్టి దిమ్మిసతో అదిమితేనే కాలు నిలుస్తుంది. పోయినసారి భర్తీలో అతని బిడ్డ ఉజ్వల ఆ మలుపులోనే జారి పడింది. అందరికన్నా ముందుండి పడింది. లేచేలోపు వెనకవాళ్ళంతా దాటిపోయారు. అప్పుడు సదానందం మలుపు దగ్గర లేడు. పెద్ద సార్ల షామియానాకు మేకులు కొట్టమని ఎవరో పంపితే వెళ్ళాడు.

"కాలు జారింది బాపూ, నువ్వేం జేస్తవ్?" అంది ఆ పిల్ల ఆ రాత్రి మోకాలికి పసుపు పెట్టుకుంటూ. అలా అన్నందుకే అతనికి మరీ కష్టమనిపించింది. తిట్టినా బాగుండేది.

ఈసారి కూడా ఉద్యోగం రాకపోతే పరుగు మానేసి జిన్నింగు మిల్లులో పనికి పోతానని ఉజ్వల చెప్పేసింది. మొండిది, అన్నదంటే చేస్తుంది. అందుకే నిన్న రాత్రి అన్నాల దగ్గర సదానందం మాట తీసుకున్నాడు.

"గ్రౌండ్ల నన్ను బాపూ అని పిలవకు. నా దిక్కు సూడకు సుత. నేనెవరో, నువ్వెవరో."

ఉజ్వల పకపకా నవ్వింది. "మరేమని పిల్వాలె? అందరి లెక్క అన్నా అందునా?"

"ఏమనకు. నవ్వకు. నీ నవ్వు సూస్తెనే తెల్సిపోతది. నా పండ్లే వచ్చినయ్ నీకు."

"కన్నబిడ్డతోని గిదేం నాటకమయ్యా?" అని సత్తమ్మ విసుక్కుంది. "ఇంట్ల కూసుంటే ఏం బోయింది?"

"నేను లేకుంటే ఆ మలుపు కాడ నీళ్ళెవరు కొడ్తరే?" అన్నాడు సదానందం. అంతకుమించి మాట్లాడే అలవాటు అతనికి లేదు.

సదానందం ఎలాంటివాడని అతనుండే బాబూపేటలో ఎవరినడిగినా కాసేపు ఆలోచించి 'మంచోడే' అంటారు. తండ్రి మంథని వైపు నుంచి మాజ్రి బొగ్గుగనికి వచ్చాడు. తండ్రి పోయాక ఆ నౌకరీ అన్నకు పోయింది. ఇంట్లో కొట్లాట పెట్టమని చెప్పినవాళ్ళున్నారు. ఇతను పెట్టలేదు. బల్లార్‌పూర్‌లో వెదురు కట్టలు దించాడు, ఇటుకల బట్టీలో చేశాడు. ఈ సంకుల్ కట్టేటప్పుడు ఇదే పరుగుబాటకు తట్టలతో మొరం మోశాడు. కట్టడం అయిపోయి అందరూ వెళ్ళిపోతుంటే, పైపు పట్టుకునే మనిషి కావాలంటే ఉండిపోయాడు. ఉజ్వల ఆ ఏడే పుట్టింది. ఆ పేరు కూడా తాను పెట్టింది కాదు, కాన్పు చేసిన మరాఠీ నర్సమ్మ పెట్టింది. ఎవరెవరి పరుగులకో ఈ నేల తడిపాడు. స్టాండు మెట్ల మీద కూర్చుని ఒక్క పరుగు చూసింది లేదు. ఆ మెట్లు పొద్దున్నే తుడిచినా మధ్యాహ్నానికి బొగ్గుదుమ్ముతో మళ్ళీ నల్లబడతాయి. వేలితో రాసి కాటుక పెట్టుకోవచ్చు.

ఈరోజైనా చూడాలి, అంతే. కూర్చుని కాదులే, దూరం నుంచే.

ఎండ ఎక్కింది. మిరుగం కార్తె వచ్చినా చినుకు జాడ లేదు. వాన రాకముందు చంద్రపూర్ ఎండ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు, బయటివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. అంతా చల్లటి పూటే అయిపోవలసిన పరీక్ష. కాని పరుగు సమయం లెక్కకోసం పిల్లల కాళ్ళకు కట్టిన చిప్పులను యంత్రం పట్టుకోవడం లేదు. ఒక జట్టు పరుగెత్తాక మళ్ళీ పరుగెత్తమన్నారు. ఇంకో జట్టును గీత మీద నిలబెట్టి వెనక్కి పంపారు. ఉజ్వల జట్టు ఎప్పుడొస్తుందో తెలియదు. కాలు కాలిన పిల్లిలా సదానందం మలుపు దగ్గరే తిరుగుతున్నాడు. జట్టు పోగానే నీళ్ళు, దిమ్మిస. మళ్ళీ జట్టు, మళ్ళీ నీళ్ళు.

మెట్లు ఊడ్చే రాజమ్మ చీర కొంగు తల మీద కప్పుకుని వచ్చింది. కొత్తగా చేరింది, రాజురా పక్క పల్లెటూరామె. ఈ సంకుల్‌లో అతనితో తెలుగు మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే.

"గిట్ల ఎండల నిలవడితె ఎట్లనే అన్నా? జేబుల ఉల్లిగడ్డన్న ఉన్నదా?"

సదానందం చొక్కా జేబు మీద తట్టి చూపించాడు. "ఉన్నదమ్మా."

జేబులో ఉన్నది తంబాకు డబ్బీ.

జేబులో ఉల్లిగడ్డ ఉంటే ఎండదెబ్బ తగలదని ఇక్కడ మరాఠీవాళ్ళూ మనవాళ్ళూ ఒకేలా నమ్ముతారు. సత్తమ్మ ఎండాకాలమంతా రోజూ మొగుడి జేబులో ఒకటి పెట్టి పంపుతుంది. ఇవాళ పొద్దున బిడ్డకు ఇవ్వబోతే ఉజ్వల ముక్కు ముడిచింది. "ఛీ, వాసనొస్తది అవ్వా. నంబరు కట్టేటోళ్ళు ముక్కు మూసుకుంటరు" అంది. ఇంట్లో ఉన్నది అదొక్కటే. అలవాటు ప్రకారం అది సదానందం జేబులోకే వచ్చింది. ఆ పిల్ల వంగి బూట్ల తాడు కట్టుకుంటుంటే, అతను మెల్లిగా తీసి ఆమె సంచి పక్క అరలో, తువ్వాలు కిందికి తోసేశాడు. తాయెత్తు కట్టినంత నిమ్మళం కలిగింది.

"ఓ ముద్ద తిందురారాదు" అంది రాజమ్మ.

"అయినంక తింట."

తినబుద్ధి కాలేదు. పొద్దున తాగిన చాయే ఇంకా గొంతులో ఉన్నట్టుంది. పైపులోంచి దోసిలి పట్టి తాగబోతే నీళ్ళు సలసల కాగుతున్నాయి. ఎండలో పడి ఉన్న పైపు మరి. నోరు పుక్కిలించి ఊసేశాడు.

ఇంతలో పైపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కరెంటు పోయింది, మోటారు ఆగింది. ఏం చెప్పమంటారు! రాష్ట్రమంతటికీ కరెంటు వండి పంపే ఊరు ఇది. స్టాండు పైమెట్టు ఎక్కితే ఊర్జానగర్ వైపు పొగగొట్టాలు పొగ కక్కుతూ కనబడతాయి. ఇక్కడ మోటారు తిరగదు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా?

సరిగ్గా అప్పుడే మైకులో నంబర్లు చదివారు. గీత మీదికి వస్తున్న పిల్లల్లో పొట్టి జడ, నల్ల బూట్లు, కొంచెం వంగి నడిచే నడక. అంత దూరం నుంచి కూడా పోల్చుకున్నాడు. మలుపు చూస్తే అప్పుడే పిండిలా లేచి ఉంది. ఇందాక పోయిన జట్టు దున్నేసి పోయింది.

సదానందం పైపు కింద పారేసి బకెట్లు అందుకున్నాడు. ఆటల హాలు వెనక సిమెంటు తొట్టి ఉంది. అక్కడినుంచి మలుపు దాకా మైదానం చుట్టి రావాలి. ఒకసారి తెచ్చి పోశాడు. మొరం బుస్సుమని పీల్చేసింది. మళ్ళీ వెళ్ళాడు. రెండు చేతులా రెండు బకెట్లు, చెప్పులు టపటపా కొట్టుకుంటూ పరుగులాంటి నడక. జీవితంలో అతను పరుగెత్తింది అదే కావచ్చు. గుండె ఎక్కడో చెవుల్లో కొట్టుకుంటోంది.

"అన్నా, వదిలెయ్. నీడకు వెళ్ళు" అని వినాయక్ షామియానాలోంచి కేకేశాడు.

"ఒక్క బకెటు సాబ్" అన్నాడు సదానందం. అన్నాననుకున్నాడు. గొంతు పెగల్లేదు.

అదృష్టమో ఏమో, యంత్రం మళ్ళీ మొరాయించింది. పిల్లలు గీత మీదే నిలబడ్డారు. ఆ సందులో ఇంకోసారి తెచ్చి పోశాడు. దిమ్మిస ఎత్తి అదిమాడు. అది రోజూ ఎత్తేదే, ఇవాళ ఎవరో పైన కూర్చున్నట్టుంది. ఒంటి మీద చెమట ఆగిపోయింది. చర్మం పొడిగా, వేడిగా ఉంది. ఎండ కాస్త తగ్గినట్టుందే అనుకున్నాడు పిచ్చివాడు. కాలితో నొక్కి చూశాడు. నేల గట్టిగా, చల్లగా నిలబడింది. దిమ్మిస పక్కన పెట్టి బాట బయటికి జరిగాడు.

ఈల వినబడింది, ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు.

పిల్లలు వస్తున్నారు. మొదటి చుట్టు. ఉజ్వల నలుగురి వెనక ఉంది. పళ్ళు బిగించి, కళ్ళు నేల మీద పెట్టి మలుపులోకి వచ్చింది. అతను చేయి చాపితే అందేంత దగ్గరగా దాటింది. చూడలేదు. కనురెప్ప కూడా అటు తిప్పలేదు.

'పాపిష్టిది, సూడనన్న సూడలె' అనుకున్నాడు. తను తీసుకున్న మాటే కదా. అయినా, ఒక్కసారి చూస్తే ఎవరు కనిపెడతారు ఇంత మందిలో?

రెండో చుట్టుకు వచ్చేసరికి ముందు ఒక్క పిల్లే ఉంది. ఆమె వెనకే, భుజానికి భుజం కలుపుతూ ఉజ్వల. మలుపు వచ్చింది. ముందున్న పిల్ల బాట లోపలి అంచు వదిలి వెడల్పుగా తిరిగింది. ఉజ్వల లోపలి అంచునే పట్టుకుంది. పోయినసారి పడ్డ చోటే. బూటు తడినేల మీద పడింది. నిలిచింది. మళ్ళీ పడింది, నిలిచింది. ఒంటిని లోపలికి వంచి, ఆ పిల్లను దాటేసి, ట్యాంకు నీడను కోసుకుంటూ పోయింది.

ఆ తర్వాత సదానందానికి సరిగా కనబడలేదు. గీత దగ్గర గాలి నీళ్ళలా అలలు అలలుగా కదులుతోంది. చప్పట్లు వినబడ్డాయి. ఎవరికో తెలియదు. తన బిడ్డకే అనుకున్నాడు. అనుకుంటే తప్పేముంది?

బకెటు అక్కడే వదిలేసి ట్యాంకు కిందికి వెళ్ళాడు. స్తంభం నీడ సన్నగా ఉంది, ఒక మనిషికి సరిపోయేంత. వీపు ఆనించి కాళ్ళు చాపాడు. ఒక చెప్పు జారిపోయింది. తొడుక్కుందామనుకుని ఊరుకున్నాడు. రుమాలు కళ్ళ మీదికి లాక్కున్నాడు. సాయంత్రం ఇంటికి పోగానే సత్తమ్మకు మొదట ఏం చెప్పాలో లోపల కూర్చుకుంటున్నాడు. 'జారలేదే, పట్టుకున్నది.' అంతే చెప్పాలి. ఆ మాట ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు. మూడోసారి అనుకుంటుండగా ఊపిరి ఆగి, చిన్నగా వచ్చి, ఇక రాలేదు. దూరంగా మైకులో ఇంకో జట్టు నంబర్లు చదువుతున్నారు.

గుండు విసరడం కూడా అయిపోయాక ఉజ్వల, ఇద్దరు స్నేహితురాళ్ళు సంచులు భుజాన వేసుకుని అటుగా వచ్చారు. ఆమె పరుగు కావలసిన సమయంలోపే పూర్తయిందని సార్లు చెప్పారు. మొహం నిండా దుమ్ము, దుమ్ము నిండా నవ్వు. ట్యాంకు కింద తండ్రిని చూసింది. రుమాలు కళ్ళ మీద, చేతులు ఒళ్ళో. బాపు మాట మీద నిలబడే మనిషి! ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది. పెదవి కొరుక్కుంది.

"అన్నా, నీళ్ళు మంచిగ కొట్టినవ్" అంది, అందరికీ వినబడేలా.

సదానందం పలకలేదు.

"పోతున్నా అన్నా."

"కోణ్ ఆహే గ తే?" అని మరాఠీలో అడిగింది స్నేహితురాలు, ఎవరే ఆయన అని.

"ఎవరో. నీళ్ళు కొట్టేటాయన" అంది ఉజ్వల. నవ్వకుండా అనగలిగినందుకు తనను తానే మెచ్చుకుంది. గేటు దాటాక పగలబడి నవ్వింది. ఎందుకో చెప్పమంటే చెప్పలేదు.

బాబూపేటలో ఇంటి గడప తొక్కుతూనే అరిచింది. "ఝాలం అవ్వా! అయిపోయింది, దాటిన!" సత్తమ్మ గంటె చేత్తోనే వచ్చి బిడ్డను పట్టుకుని ఏడ్చేసింది. గుడంబా వాసన లేని ఇల్లు, అప్పులు చేయని ఇల్లు, ఇన్నేళ్ళకు దేవుడు ఇటు చూశాడు అని ఏదేదో అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని అడిగింది.

"మీ బాపేడే? సూసిండా?"

"సూసిండు. మలుపు కాడనే ఉండె. ఇప్పుడు ట్యాంకు కింద పండుకుండు. అన్నా అన్నా అని పిల్చినా పల్కలే. గంత పక్కా నాటకం!"

సత్తమ్మ కూడా నవ్వింది. చెమట బట్టలు నానబెడదామని సంచి దగ్గరికి లాక్కుంది. బూట్లు తీసింది, తువ్వాలు లాగింది. తువ్వాలుతో పాటు ఉల్లిగడ్డ దొర్లి బండల మీద పడింది.

"ఇదేంది?" అంటూ తీసి చూసింది. పక్కకు చిన్న పిలక వేసిన ఉల్లిగడ్డ. పొద్దున తన చేత్తో పెట్టినదే. "ఇది నీ సంచిలకెట్లొచ్చింది? మీ బాపు జేబుల పెట్టిన గద."

ఉజ్వల మొహంలో నవ్వు ఇంకా పోలేదు. కాని ఆమె అవ్వను చూడడం లేదు. ట్యాంకు కింద మనిషిని మనసులో మళ్ళీ చూస్తోంది. స్తంభం నీడ అప్పటికే పక్కకు జరిగిపోయింది. ఒక కాలికి చెప్పు లేదు. ఆ కాలు ఎండలో, పెనంలా కాలే మొరం మీద చాపి ఉంది. కాలు కాలుతుంటే ఎవరైనా వెనక్కి తీసుకుంటారు. అతను తీసుకోలేదు. రుమాలు అంచున, పెదవి మీద ఈగ వాలింది. దాన్ని కూడా తోలుకోలేదు.

"బాపూ" అంది. ఇవాళంతా అనకుండా దాచుకున్న మాట.

చెప్పులు లేకుండానే ఉరికింది. సందు దాటి, రైలు గేటు వైపు, పొద్దున పరుగెత్తిన దానికన్నా వేగంగా. సత్తమ్మ "ఏమైందే, ఓ పిల్లా!" అంటూ గడప దాకా వచ్చి నిలబడింది. తర్వాత ఆమెకూ అర్థమైంది.  గడప పట్టుకుని అక్కడే కూలబడింది.

ఆమె చేతిలోంచి జారిన ఉల్లిగడ్డ గడప పక్కన ఆగింది. పొద్దంతా సంచిలో ఎండన పడి ఇల్లు చేరిన దాని పొట్టు ఇంకా వెచ్చగానే ఉంది.